అభ్యంతరం ఎవరూ తెలుపలేదు

గ్రామసభ ఉన్న రోజు పొద్దున నాకు ముద్ద దిగదు. ఇప్పుడు నేను జనగామలో ఉంటూ దగ్గరి ఒక ఊళ్లో పంచాయతీ కార్యదర్శిగా పని చేస్తున్నాను. చిన్న ఊరు. మనుషులు మంచివాళ్లు. సభకు వచ్చేది ఎంతమంది, పట్టుమని అరవై మంది ఉండరు. అయినా జనగామ బస్టాండులో బస్సెక్కినప్పటి నుంచి సంచిలో తీర్మానాల పుస్తకం ఉందో లేదో అని దారి పొడుగునా తడుముకుంటాను. సభలో ఎవరు లేచి నోరు తెరిచినా వంచిన తల ఎత్తకుండా రాస్తాను. "మేడం, గంతగనం రాసుడెందుకు? రెండు ముక్కలు రాస్తె ఒడుస్తది గదా" అని ఇక్కడి సర్పంచ్ నవ్వుతాడు. రెండు ముక్కలు రాస్తే ఏమవుతుందో ఆయనకు తెలియదు. నాకు తెలుసు, భూపాలపల్లి వైపు పని చేసినప్పుడు కళ్లారా చూశాను.

అది చెప్పాలంటే ముందు నా పొగరు గురించి చెప్పాలి. మాది మహబూబాబాద్ జిల్లా, నర్సింహులపేట దగ్గర పల్లె. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా బాపు పొలం పహాణీ నకలు కోసం మహబూబాబాద్‌లో ఒక ఆఫీసుకు పోతూ నన్నూ వెంట తీసుకుపోయాడు. బస్సులో కూర్చున్నంతసేపూ పెదవులు కదుపుతూనే ఉన్నాడు. సారు ముందు ఏం చెప్పాలో లోలోపల వల్లె వేసుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. చేనులో పాము కనబడితే కట్టె అందుకునే మనిషి, ఆ కిటికీ ముందు నిలబడేసరికి చేతులు కట్టుకున్నాడు. "సార్, గదే... మా పొలం కాయితం... మొన్న గిట్ల వస్తిమి గదా..." అన్నాడు. లోపలి గుమాస్తా తల ఎత్తలేదు. "గదేంది గిదేంది కాదు, ఏం కావాలో సరిగ్గా చెప్పు" అన్నాడు. బాపు మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ 'గదే' దగ్గరే ఆగిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. గుమాస్తా మీదో బాపు మీదో చెప్పలేను. ముందుకు జరిగి, బడిలో లేఖలు రాయడం నేర్పినప్పటి మాటలతో, "అయ్యా, మా తండ్రిగారి పొలానికి సంబంధించిన పహాణీ నకలు ఇప్పించవలసిందిగా కోరుచున్నాము" అన్నాను. గుమాస్తా తల ఎత్తాడు. నన్ను చూసి నవ్వాడు, కూర్చోమన్నాడు. కాగితం ఆ పూటే చేతికొచ్చింది. బాపు బస్టాండులో మిర్చి బజ్జీలు కొనిచ్చాడు. ఊళ్లో వారం రోజుల పాటు ఎవరు కనబడినా అదే ముచ్చట. "నా బిడ్డ ఒక్క మాట అనంగనే సారు లేసి కూసున్నడు!" అని. అబ్బో, ఆ వారం నా కాళ్లు నేల మీద లేవు. ఆఫీసుల తలుపులు ఏ మాటకు తెరుచుకుంటాయో కనిపెట్టేశాననుకున్నాను.

జనగామలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో అందరి అర్జీలూ నేనే రాసేదాన్ని. సెలవు చీటీ దగ్గర నుంచి నీళ్లు రావడం లేదని కలెక్టరుకు ఇచ్చే ఫిర్యాదు దాకా. మా మాటను సినిమాల్లో దొంగలకూ తాగుబోతులకూ పెట్టి ఎన్నేళ్లు నవ్వుకున్నారో అందరికీ తెలుసు. దానికి కోపం వచ్చినవాళ్లున్నారు, ఎదురు తిరిగినవాళ్లున్నారు. నేను మాత్రం గుట్టుచప్పుడు కాకుండా నా మాటను ఇంట్లో వదిలేసి, పుస్తకం మాటను వంటబట్టించుకున్నాను. నా కాగితం చూసి ఎవరైనా "ఎవరు రాశారమ్మా ఇంత చక్కగా?" అంటే చాలు, ఆ రోజుకు కడుపు నిండేది.

పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నాక నాకు ఇచ్చిన ఊరు భూపాలపల్లి జిల్లాలో, కాటారం వైపు, అడవి అంచున ఉంటుంది. ఊరి పేరు చెప్పను. అక్కడి పంచాయతీలో కారోబార్ ఒకాయన ఉండేవాడు. ఇంటి పన్ను వసూలు చేయడం, నల్లా నీళ్లు వదలడం, సభ ఉందని డప్పు చాటింపు వేయించడం, అన్నీ ఆయన పనులే. నాకంటే ముందు ఎందరో కార్యదర్శులను చూసినవాడు. నేను ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని. సభ జరిపే పద్ధతి నాకు నేర్పింది ఆయనే.

"జనం చాయ తాగంగనే లేసి పోతరు మేడం. ఆగమంటె ఆగరు. అందుకే ముందుగాల సంతకాలు పెట్టియ్యాలె. సంగతి మనం ఎనుక నిమ్మళంగ రాసుకోవాలె" అన్నాడు. అంటే పేజీ నెత్తిన అంశం మాత్రం రాసి, దాని కింద ఖాళీ వదిలి, అడుగున సంతకాలు, వేలిముద్రలు తీసుకోవాలి. సభ అయిపోయాక, ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చుని, పైన ఖాళీలో తీర్మానం రాయాలి. ఏం రాయాలో కూడా వెతుక్కోనక్కర్లేదు, పాత పుస్తకాల్లో ఉంది. "పై అంశముపై సభ్యులు కూలంకషముగా చర్చించి ఏకగ్రీవముగా ఆమోదించడమైనది. అభ్యంతరం ఎవరూ తెలుపలేదు." చీపుర్ల కొనుగోలుకైనా చెరువు కట్ట మరమ్మతుకైనా అదే వాక్యం. నాకు ఇందులో తప్పేమీ కనబడలేదు. పైగా ఆ వాక్యం నాకు నచ్చింది. నా చేతిరాత బాగుంటుంది, ఆ వాక్యం నా చేతిరాతలో ఇంకా బాగుండేది.

ఆ ఏడు వానాకాలం కోతలప్పుడు వర్షం పడి, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు తడిసిపోయాయి. కొన్ని కుప్పలకు మొలకలొచ్చాయి. రైతులు తల పట్టుకున్నారు. ఊరికి సిమెంటు కల్లం కావాలని, యాసంగి కోతలకల్లా తయారు కావాలని అందరూ పట్టుబట్టారు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, అది నిజంగా కావలసిందే. జాగ ఎక్కడ అంటే, ఊరికి తూర్పున అడవి పక్క సర్కారు భూమి ఉంది. పాత కాగితాల్లో దాన్ని 'నిరుపయోగముగా ఉన్న ప్రభుత్వ భూమి' అని రాశారు. జనవరిలో సభ పెట్టి, ఆ భూమిలో కల్లం కట్టడానికి ఒప్పుకుంటున్నట్టు తీర్మానం చేసి పంపాలి.

ఆ భూమి నిరుపయోగంగా ఏమీ లేదు. ఊళ్లో ఒక వాడ ఉంది, అక్కడ సగం ఇళ్లవాళ్లు చర్చికి పోతారు. వాళ్లలో ఎవరు పోయినా అక్కడే పాతిపెడతారు. గోడ లేదు, బోర్డు లేదు, ఒక్కొక్కరి తల దగ్గర ఒక్కో రాయి. ఈస్టర్ ముందు ఆ రాళ్లకు సున్నం వేసి, పండుగ నాడు తెల్లవారుజామున పోయి కొవ్వొత్తులు పెట్టి పాటలు పాడి వస్తారు. మిగతా రోజుల్లో చూస్తే గడ్డీ, రాళ్లూ, మేసే బర్లూ తప్ప ఏమీ కనబడవు. నేను ఆ ఊరికి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆ జాగకు ఒక్కసారీ పోలేదు.

సభలో అందరూ కల్లం కావాలని చేతులెత్తాక, వెనక నుంచి ఒక అవ్వ లేచింది. పొట్టిగా, బక్కగా, నోట్లో పళ్లు సగం లేని మనిషి. "సారూ, గాడ నా బిడ్డ ఉన్నది" అంది. ఆ బిడ్డ పదో తరగతి చదువుతూ జ్వరంతో పోయిందట. దవాఖానకు తీసుకుపోయేలోపే దారిలో పోయిందట. ఆ తర్వాత ఇంటాయనా పోయాడు, కొడుకులు లేరు. ఆ రాయి దగ్గరికి పోయి కూర్చోవడం తప్ప ఈ లోకంలో ఆమెకు వేరే చుట్టరికం లేదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు ఆమె చేతులు తిప్పుతూ, అటు చూపిస్తూ, చాలాసేపు మాట్లాడింది. విన్నావా అంటే విన్నాను, సగం. ఎండ ఎక్కింది, ఆకలి వేస్తోంది. ఆమె చెప్పే తీరేమో మా బాపు కిటికీ ముందు చెప్పినట్టే ఉంది, గాడ, గీడ, గదే, గట్లనే. ఇదంతా తీర్మానంలో ఎలా పడుతుందని నాకు లోపల విసుగు. ఛ, ఇప్పుడు ఆ విసుగు గుర్తొస్తే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. "కూసో అవ్వ, వడ్లు నానితె నువ్వు తింటవా?" అని ముందు వరసలో ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. అవ్వ మాట పూర్తి చేసుకుని కూర్చుంది. చాయ వచ్చింది. పుస్తకం చేతులు మారింది. సాయంత్రం ఫ్యాను కింద కూర్చుని నేను అలవాటైన వాక్యం రాశాను. ఎవరూ నన్ను రాయమని బలవంతం చేయలేదు. ఆమె మాట ఆ వాక్యంలో ఇమడలేదు, అంతే. ఆమె మాటను వదిలేశాను.

ఈస్టర్ ఇంకా రెండు వారాలుందనగా ఒక సోమవారం పొద్దున అవ్వ ఆఫీసుకు వచ్చింది. చేతిలో సున్నం బకెటు, కుంచె అలాగే ఉన్నాయి. గడపలోనే నిలబడి, "సెక్రెటరీ బిడ్డా, మా జాగల ముగ్గు పోసి గూటాలు కొట్టిన్రు. ఏంది గది?" అంది. "నేను చూస్తనవ్వా" అన్నాను. ఆమె ఏమీ గాభరా పడడం లేదు. "నాడు సభల చెప్పిన గదా. ఎవలో తెల్వక కొట్టినట్టున్నరు, నువ్వు జర చెప్పు" అని వెళ్లిపోయింది.

తలుపు దగ్గరగా వేసి పుస్తకం తీశాను. నా అందమైన చేతిరాత. అభ్యంతరం ఎవరూ తెలుపలేదు. దాని కింద సంతకాలు, నాలుగో వరసలో ఆమెది. వేలిముద్ర కాదు, సంతకం. వయోజన విద్యలో నేర్చుకుందట, ఒక్కో అక్షరం పట్టిపట్టి పెద్దగా రాసింది. తన బిడ్డను పాతిన జాగ కల్లానికి ఇవ్వడం తనకు సమ్మతమేనని తన చేత్తో తానే రాసినట్టయింది.

సర్పంచ్ ఇంటికి పరుగెత్తాను. ఆయన కల్లం పని కోసమే ఫోన్లో ఉన్నాడు. సమాధుల మీదనే ముగ్గు పోశారంటే ముందు నమ్మలేదు, తర్వాత బాధపడ్డాడు. "అయ్యో, గాడ వాళ్ల బొందలున్నయని మాకు తెల్వదా మేడం? గానాడే గింత పక్కకు జరిపి కట్టుకుందుమంటె కాదంటుంటిమా? కాని ఇప్పుడు మంజూరైంది. గురువారం నేల సాపు జేసే మిషన్ వస్తది. నేను ఆగమంటె గుత్తేదారు ఆగుతడా? కాయితం సూపియ్యి అంటడు. కాయితం మీదేమో నువ్వే రాస్తివి, ఎవలకు అభ్యంతరం లేదని. పైనుంచి ఇంకో కాయితం తే. ఆపుత, నా తలకాయ అడ్డం పెట్టయినా ఆపుత" అన్నాడు. ఆయన తప్పేమీ చెప్పలేదు. నోటి మాటతో వచ్చే మిషన్ కాదది, నోటి మాటతో ఆగదు.

ఆ సాయంత్రం వాడకు పోయాను. నలుగురు ఆడవాళ్లు, ఇద్దరు పెద్దమనుషులు గుమిగూడి ఉన్నారు. గురువారం పనికి పోకుండా అడ్డం కూర్చుందామని మాట్లాడుకుంటున్నారు. గొడవైతే పోలీసులొస్తారు, పుస్తకం అడుగుతారు, నా వాక్యం బయటపడుతుంది. అప్పటికి నా ఉద్యోగం పర్మనెంటు కూడా కాలేదు. "మీరెందుకు గడబిడ చేసుడు, నేను భూపాలపల్లి పోయి ఆపిస్త గదా" అన్నాను. ఆ మాట మాత్రం ఇంటి మాటలోనే వచ్చింది, అందుకేనేమో వెంటనే నమ్మారు. "మా సెక్రెటరీ బిడ్డ సదువుకున్నది, ఆమె సూసుకుంటది. మీరు మిరప ఏరను పోన్రి, కూలి పోగొట్టుకోకున్రి" అని అవ్వే అందరికీ నచ్చజెప్పింది.

మంగళవారమంతా లేఖ రాస్తూ కూర్చున్నాను. రాయడం, చింపడం. చిత్తుబుట్ట నిండింది. ఎలా రాసినా ఒకచోట 'ఆమె చెప్పింది, నేను రాయలేదు' అని ఒప్పుకోవలసి వస్తోంది. ఆ చోటికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతోంది. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఒక పక్క. బాపు ముఖం ఒక పక్క, నా బిడ్డ సెక్రెటరీ అని నర్సింహులపేట సంతలో చెప్పుకు తిరిగే మనిషి. చివరికి ఎవరికీ నొప్పి తగలకుండా ఒక లేఖ తయారైంది. "పై సూచికలోని తీర్మానమునకు సంబంధించి, కొందరు గ్రామస్థుల మనోభావములను సైతం పరిగణనలోనికి తీసుకొని తగు చర్యలు గైకొనగలరని మనవి." చదువుకుంటే ఎంత బాగుందో! నాకు ప్రాణం లేచి వచ్చింది. కారోబార్‌కు చదివి వినిపించాను. ఆయన కాసేపు చెవి గోక్కుని, "మంచిగున్నది మేడం. కాని గీంట్ల బొందల సంగతేది?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. "నీకు తెలియదులే అన్నా, ఆఫీసుకు ఇట్లనే రాయాలి" అని కసిరాను.

బుధవారం బస్సెక్కి భూపాలపల్లి పోయాను. ఆఫీసులో ఆ పని చూసే సూపరింటెండెంట్ పెద్దావిడ, నెమ్మదైన మనిషి. నా లేఖ ఒకసారి చదివింది. అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది. "మంచిగ రాసినవమ్మా. ఇంతకూ నీకేం కావాలె?" అంది. నేను నసిగాను. మనోభావాలు అన్నాను, స్థానికంగా కొంత ఇబ్బంది అన్నాను. ఆమె కాగితం నా వైపు తోసింది. "చూడు బిడ్డా, దీన్ని తీసుకుంటా, ఫైల్లో పెడతా. దీంతో రేపు మిషన్ ఆగదు. ఎవరు అభ్యంతరం చెప్పిన్రు, ఎందుకు చెప్పిన్రు, తీర్మానంల ఎందుకు లేదు, ఈ మూడూ రాసియ్యి. ఇప్పుడే సారుకు పెడతా, సారు ఇంకో గంట ఉంటడు." ఆ కుర్చీ ముందు నేను బాపులా చేతులు కట్టుకుని నిలబడ్డాను.

బయట వరండాలో బల్ల ఉంది. కూర్చున్నాను. తెల్ల కాగితం మోకాళ్ల మీద పెట్టుకున్నాను. గంట ఉంది నాకు. మూడు వాక్యాలు రాయడానికి గంట. ఒకటి రాశాను, "గ్రామసభలో ఒక మహిళ అభ్యంతరం తెలిపినది". రెండోది రాశాను, "సదరు భూమిలో సమాధులు కలవు". మూడోది రాలేదు. ఎంత అనుకున్నా రాలేదు. తీర్మానంల ఎందుకు లేదు? ఎందుకంటే నాకు ఆకలి వేసింది. ఎందుకంటే ఆమె మాట నాకు నామోషీ అనిపించింది. ఇది ఎలా రాయడం? గంట గడిచి సారు జీపెక్కి వెళ్లిపోయాడు. సూపరింటెండెంట్ బయటికి వచ్చి, నన్ను చూసి, "రేపు పొద్దుగాల రా" అని పోయింది. తిరుగు బస్సులో నేను నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గురువారమంటే పొద్దున్నే వస్తుందా ఏంటి మిషన్, ఎప్పుడో మధ్యాహ్నం వస్తుంది, ఈ గుత్తేదార్లు చెప్పిన రోజు ఎప్పుడొచ్చారు గనక అని.

గురువారం మొదటి బస్సుకే పోయాను. ఈసారి లేఖ బస్సులోనే రాశాను, గుంతల్లో బస్సు ఎగురుతుంటే వంకరటింకరగా. "ఆ జాగలో సమాధులున్నవి. ఒక అవ్వ సభలో లేచి తన బిడ్డ అక్కడ ఉన్నదని, ఇవ్వొద్దని చెప్పింది. నేను విన్నాను. పుస్తకంలో రాయలేదు. అభ్యంతరం లేదని నేను రాసింది అబద్ధం." అంతే. నా జీవితంలో అంత వికారమైన చేతిరాత రాయలేదు.

సూపరింటెండెంట్ నన్ను నేరుగా సారు గదిలోకి తీసుకుపోయింది. ఆయన చదివి, నా వైపు చూశాడు. "ఇక్కడ పొరపాటు అని రాసుకోవచ్చు గదా. అబద్ధం అని రాశావు. దీని అర్థం తెలుసా నీకు?" అన్నాడు. తెలుసు సార్ అన్నాను. "మెమో వస్తది." సరే సార్ అన్నాను. ఆయన ఫోను తీసి, పని ఆపమని చెప్పాడు. ఆ కాసేపట్లోనే ఆపుదల కాగితం టైపు చేయించి నా చేతికి ఇచ్చారు. మొత్తం కలిపి అరగంట పట్టలేదు. ముందు రోజు నేను వరండాలో కూర్చున్న గంటలో ఇది రెండుసార్లు అయిపోయేది.

కాగితం సంచిలో పెట్టుకుని బస్సు దిగేసరికి మధ్యాహ్నం దాటింది. బస్టాపు దగ్గర కారోబార్ నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. "ఏడు గొట్టంగనే వచ్చింది మేడం. వాడోళ్లంతా మిరప తోటలకు పోయిన్రు, ఆటోలు పొద్దుగాలనే వచ్చినయి. సర్పంచ్ సాబ్ పోయి బతిమిలాడిండు, ఇనలే. ఫోన్ వచ్చినంక ఆపిన్రు. అప్పటికే తూర్పు దిక్కు సగం జాగ సాపు జేసిన్రు" అన్నాడు.

మిగతా సగం నిలబడింది. ఇప్పుడు రికార్డులో ఆ భూమిని సమాధుల స్థలమని రాశారు, చుట్టూ కంచె వేశారు, కల్లం వేరే చోట కట్టారు. నాకు మెమో వచ్చింది, జవాబిచ్చాను, కొన్నాళ్లకు జనగామకు మార్చారు. ఇవన్నీ తర్వాత సంగతులు. ఆ మధ్యాహ్నం నేను తూర్పు దిక్కుకు నడిచేసరికి, ఎర్రమట్టి నున్నగా పరిచినట్టు ఉంది. ఒక్క రాయి లేదు. రాళ్లన్నీ ఒక మూల కుప్పగా పోసి ఉన్నాయి, ఏది ఎవరి తల దగ్గరిదో ఇక ఎవరికీ తెలియదు. మిరప తోటల నుంచి కబురందుకుని వచ్చినవాళ్లు కొందరు ఆ కుప్ప దగ్గర ఏడుస్తున్నారు.

అవ్వ ఏడవడం లేదు. అంచున మిగిలిన ఇప్ప చెట్టు మొదట్లో వీపు ఆనించి నిలబడి, అక్కడి నుంచి అడుగులో అడుగు వేస్తూ నడుస్తోంది. ఒకచోట ఆగి నేల చూస్తుంది. తల అడ్డంగా ఊపి, మళ్లీ చెట్టు దగ్గరికి పోయి, మళ్లీ మొదలుపెడుతుంది. నన్ను చూడగానే గబగబా వచ్చింది. తిడుతుందనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. ఆమె ముఖంలో కోపం లేదు, నన్ను చూసి ధైర్యం వచ్చినట్టుంది. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

"బిడ్డా, మంచిగ టైముకు వచ్చినవు. పుస్తకం తెచ్చినవా?" అంది.

"ఎందుకవ్వా?"

"సభకు వచ్చే నాడు పొద్దుగాల్నే నేను గీడికొచ్చి, ఈ చెట్టు కాడికెల్లి నా బిడ్డ కాడికి ఎన్ని అడుగులో లెక్కవెట్టుకొని వచ్చిన. సభల గదే చెప్పిన గదా, ఏ దిక్కుకు ఎన్ని అడుగులు, ఎనుక మల్లి ఎన్ని అడుగులు అని. చెప్పినంక ఇంకేంది, పుస్తకంల ఉన్నది గదా అని యాదికి పెట్టుకోలె. ఇప్పుడు ఎంత జేసినా యాదికొస్తలేదు. ఒకపాలి ఇరవై అనిపిస్తది, ఒకపాలి ఇరవై రెండనిపిస్తది. నువ్వు రాసుకున్నది జర సదువు. నేను అడుగులు పెట్టి సూస్త."

పుస్తకం నా సంచిలోనే ఉంది. నాకు గుర్తొస్తుందేమోనని ఆ సభంతా మనసులో మళ్లీ తిరగేశాను. ఆమె చేతులు తిప్పడం గుర్తుంది. అటు చూపించడం గుర్తుంది. ఒక్క అంకె కూడా గుర్తులేదు.

"రాయలేదవ్వా" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. నా ముఖంలోకి చూసి చిన్నగా నవ్వింది, నేను పరాచికం ఆడుతున్నానేమో అన్నట్టు. "గట్లెట్ల బిడ్డా? నేను చెప్తాంటె నీ పెన్ను నడిచింది. నేను సూసిన గదా. అందరు కూసో కూసో అని మొత్తుకుంటున్నా, నీ పెన్ను నడుస్తున్నదనే నేను గంతసేపు చెప్పిన. మరి ఏం రాసినవు?"

"తర్వాతి అంశం రాసుకుంటుంటి అవ్వా. వీధి దీపాలది."